సోణుడి పాదాలు, మన మోకాళ్లు



ధమ్మం గురించి మాట్లాడాలంటే శీలం, సమాధి, ప్రజ్ఞ అని మొదలుపెడతాం. ఈసారి మోకాలి నుంచి మొదలుపెడదాం. దుఃఖం ఉంది అనే మొదటి ఆర్యసత్యం మనలో చాలామందికి పుస్తకం చదవక ముందే మెట్లెక్కుతున్నప్పుడు మోకాల్లో తెలిసింది. కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకండి.

ఇది ఎవరి పరుగు?

లాడ్ బజార్ మీకు తెలుసు. చార్మినార్ నుంచి పడమరకు పోయే గాజుల వీధి. పగలు, సాయంత్రం అక్కడ అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. తెల్లవారుజామున మాత్రం షట్టర్లు దించి ఉంటాయి, వీధంతా ఖాళీ. దగ్గర్లో మైదానం లేని పిల్లలకు ఇలాంటి వీధే పరుగు నేర్పే చోటు. కాళ్ల కింద మట్టి ఉండదు, సిమెంటో బండరాళ్లో ఉంటాయి. కాళ్లకు తక్కువ ధర బూట్లు, అవి కూడా సగం అరిగినవి.

ఇలా పరిగెత్తే మన పిల్లల్లో చాలామంది ఒళ్లు తగ్గడానికి పరిగెత్తడం లేదు, కానిస్టేబుల్ కొలువు కోసం పరిగెత్తుతున్నారు. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాలని పెట్టారు. ఆ సెకన్ల మీద ఒక ఇంటి అద్దె, ఒక చెల్లి చదువు, ఒక తల్లి మందులు ఆధారపడి ఉంటాయి. అలాంటి పిల్లవాడికి పరీక్ష రెండు నెలలు ఉందనగా మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైందనుకోండి. ఆ పిల్లవాడు మీ కొడుకు కావచ్చు, మీ తమ్ముడు కావచ్చు, మీరే కావచ్చు. ఆగాలా? పరిగెత్తాలా?

ఇది వైద్యుడికి మాత్రమే వదిలేసే ప్రశ్న కాదు. నొప్పిని ఓర్చుకోవడం ఎప్పుడు పట్టుదల అవుతుంది, ఎప్పుడు మూర్ఖత్వం అవుతుంది అన్నది ధమ్మానికి సంబంధించిన ప్రశ్న.

మూడు సలహాలు

ఆ పిల్లవాడికి ఇంట్లో, బస్తీలో మూడు రకాల సలహాలు దొరుకుతాయి.

మొదటిది: "ఓర్చుకో. మన తాతలు ఇంతకంటే ఎక్కువ ఓర్చుకున్నారు." ఈ మాటలో ప్రేమ ఉంది, గర్వం కూడా ఉంది. కానీ మన తాతలు ఓర్చుకున్నది ఇష్టపడి కాదు. వేరే దారి లేక. వాళ్లకు దిక్కులేక వచ్చిన ఓర్పును మనం ఇప్పుడు నియమంగా పెట్టుకోవాల్సిన పనిలేదు.

రెండోది: "మానెయ్ బిడ్డా. మనకు రాసిపెట్టి లేదు." ఇదీ ప్రేమే. కానీ ఇందులో తలరాత దాక్కుని ఉంది.

మూడోది: "పోయిన జన్మలో ఏం చేశావో, మొక్కు తీర్చుకో, తాయెత్తు కట్టించుకో." దీని గురించి గట్టిగా మాట్లాడాలి. పోయిన జన్మ పాపం ఈ జన్మలో అనుభవించాలి అనే సిద్ధాంతంతోనే మనల్ని ఊరి బయట ఉంచారు. మన పేదరికానికి, మన అవమానానికి మనల్నే దోషులుగా నిలబెట్టిన సిద్ధాంతం అది. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో గత జన్మ కర్మ అనే ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. కులం విషయంలో ఆ వాదాన్ని తిప్పికొట్టి, మోకాలి విషయంలో మాత్రం దాన్నే నమ్మితే మన దీక్ష సగంలో ఆగిపోయినట్టే.

మరి నొప్పి ఎందుకొచ్చింది? ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. పటిచ్చసముప్పాదం అంటే అదే కదా. నెల కింద రోజుకు రెండు కిలోమీటర్లు పరిగెత్తినవాడు నోటిఫికేషన్ వచ్చిందని ఒక్కసారిగా ఎనిమిదికి పెంచాడు. తొడ ముందు కండరం, తుంటి కండరం ఆ బరువుకు ఇంకా తయారు కాలేదు. బూటు అడుగు అరిగింది. నేల గట్టిది. నిద్ర చాలలేదు. కారణాలన్నీ ఈ జన్మలోనే, ఈ నెలలోనే ఉన్నాయి. కారణం మన చేతికి అందేదైతే విరుగుడు కూడా అందుతుంది.

సోణుడు ఏం నేర్చుకున్నాడు

వినయ పిటకంలో సోణ కోళివీసుడి కథ ఉంది. చంపా నగరంలో గొప్ప సంపన్నుడి కొడుకు. నేల మీద కాలు పెట్టాల్సిన అవసరం లేకుండా పెరిగాడు. సంఘంలో చేరాక రాజగృహం దగ్గర సీతవనంలో పట్టుదలతో చంక్రమణం చేశాడు, అంటే నడుస్తూ ధ్యానం. అరికాళ్లు పగిలాయి. అతను నడిచిన దారి నెత్తుటితో తడిసింది. అయినా మనసుకు విముక్తి దొరకలేదు. ఇంత కష్టపడినా ఫలితం లేదు, ఇంటికెళ్లి దానధర్మాలు చేసుకుంటూ బతుకుదాం అనుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నెత్తురు కారేదాకా నడిచినవాడే మరుక్షణం అంతా వదిలేసి పోదామనుకున్నాడు. అతిగా లాగడం, పూర్తిగా వదిలెయ్యడం రెండూ పక్కపక్క ఇళ్లు. మోకాలి నొప్పితో నెలంతా పళ్లు బిగబట్టి పరిగెత్తిన పిల్లవాడే ఒకరోజు బూట్లు మూలకు విసిరేసి మళ్లీ ముట్టుకోడు. మీరు చూసే ఉంటారు.

బుద్ధుడు అతని దగ్గరికి వెళ్లి వీణ గురించి అడిగాడు. సోణుడు ఇంట్లో ఉన్నప్పుడు వీణ బాగా వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే పలుకుతుందా? ప్రయత్నం కూడా అంతేనని వివరించాడు. సోణుడికి తెలిసిన పనిలోంచే సోణుడికి జవాబు చూపించాడు.

వీణ మన ఇళ్లలో లేదు. లాడ్ బజార్‌లో లక్క ఉంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొలిమి దగ్గర కూర్చుని ఆ గాజు చేసేవాళ్లను అడగండి. లక్క చల్లగా ఉన్నప్పుడు వంచితే విరిగిపోతుంది. వేడి ఎక్కువైతే కారిపోతుంది. సరైన వేడిలో ఉన్నప్పుడే చుట్టు తిరుగుతుంది, రాయి కూర్చుంటుంది. ఆ వేడి ఎంత అన్నది చెయ్యి రోజూ తాకి తెలుసుకోవాల్సిందే. మధ్యమ మార్గం అంటే సగం పరిగెత్తి సగం ఆగడం అనుకోవద్దు. ఈ రోజు ఈ కాలికి ఎంత పని సరిపోతుందో తాకి చూసి తెలుసుకోవడం, రేపు మళ్లీ చూడడం.

నొప్పి సాక్షి

తాకి చూడడం ఎలా? సతిపట్ఠానంలో వేదనానుపస్సన ఉంది. బాధ కలిగినప్పుడు ఇది బాధ అని ఉన్నదున్నట్టు తెలుసుకోవడం. పెంచకుండా, దాచకుండా.

ఎక్కడ నొస్తోంది? చిప్ప ముందా, పక్కనా, వెనకా? మెట్లు దిగేటప్పుడా, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడా? పరుగు మొదట్లో వచ్చి తగ్గుతుందా, పోనుపోను పెరుగుతుందా? మర్నాటికి సర్దుకుంటుందా? స్వల్పంగా ఉండి మర్నాటికి సర్దుకునే నొప్పితో దూరం తగ్గించి, వేగం తగ్గించి కొనసాగవచ్చు. తొడకు, తుంటికి బలం పెంచే కసరత్తు చేస్తూ వారాల మీద మెల్లగా పెంచుకోవచ్చు. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, అడుగేస్తే జారిపోయినట్టు అనిపించినా, బరువు వెయ్యలేకపోయినా, ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా పరుగు ఆపాలి. బస్తీ దవాఖానాకో ఉస్మానియాకో పోవాలి. ఇందులో బేరం లేదు.

కొందరు పిల్లలు ఎవర్నీ అడక్కుండా నొప్పి మాత్ర మింగి పరిగెత్తుతారు. డాక్టర్ ఇచ్చిన మందు వేరే సంగతి. నొప్పిని మభ్యపెట్టి పరిగెత్తడం అంటే విచారణ జరుగుతుండగా సాక్షి నోరు మూయించడమే. మోకాల్లో మనం గుజ్జు అని పిలిచే పొరకు నొప్పి తెలిపే నరాలు లేవు. అరుగుతున్నా అది అరవలేదు. దాని చుట్టూ ఉన్న భాగాలు ఇచ్చే సాక్ష్యాన్ని కూడా ఆపేస్తే తీర్పు తప్పు వస్తుంది, శిక్ష ముప్పై ఏళ్లు అనుభవించాల్సి వస్తుంది.

రెండో బాణం

బుద్ధుడు రెండు బాణాల ఉపమానం చెప్పాడు. బాణం తగిలితే ఒంటికి నొప్పి. దాని మీద ఏడ్చి, కుమిలి, భయపడితే అది రెండో బాణం. మొదటిది తెలిసినవాడికీ తగులుతుంది, తెలియనివాడికీ తగులుతుంది. రెండోది తెలిసినవాడికి తగలదు.

మన పిల్లవాడి రెండో బాణం మీద ఏం రాసి ఉంటుందో మనకు తెలుసు. "నేను ఓడిపోతే మా వాళ్లంతా ఓడినట్టే." ఒక్క మోకాలి మీద మొత్తం జాతి బరువు. ఇంత బరువు ఏ మోకాలూ మొయ్యలేదు. ఈ బాణం వెయ్యడంలో పెద్దవాళ్ల చెయ్యి కూడా ఉంటుంది. "నీ మీదే ఆశలు పెట్టుకున్నాం" అని పొద్దున్నా సాయంత్రం అంటుంటాం. ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగండి.

ఊరికే ధైర్యం చెప్పి తప్పించుకోవడం కూడా ధమ్మం కాదు. ఒక్కోసారి పరీక్ష తేదీలోపు మోకాలు కుదురుకోదు. ఆ నియామకం పోతుంది. మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియదు, అప్పటికి వయసు దాటవచ్చు. ఇది నిజమైన నష్టం. కంటినిండా ఏడవాల్సిన నష్టం. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ పోయింది ఒక అవకాశం. మనిషి పోలేదు, మనిషి విలువ పోలేదు. మనిషి విలువ పుట్టుకలో లేదని నమ్మి ఈ దారిలోకి వచ్చాం. అది ఒక పరుగులోనూ లేదు.

కోలుకున్నవాళ్లూ ఉన్నారు. పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఆడుతూండగా మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు జరిగాయి. 1996లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గాయానికి, ఆ కప్పుకు మధ్య ఏడేళ్లు. మనం పేపర్లో కప్పు ఫోటో చూస్తాం. మోకాలు దెబ్బతిన్న ఆటగాడు మళ్లీ నిలబడేదాకా చేసే కసరత్తుకు ఎవరూ ఫోటో తియ్యరు. అందరూ గోపీచంద్‌లు కాలేరు. ఆ ఓపిక మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఆనుకోవడం అవమానం కాదు

కపిలవస్తులో శాక్యుల కొత్త సభాభవనంలో బోధిస్తూ రాత్రి పొద్దుపోయాక బుద్ధుడు, తన నడుము నొస్తోందని చెప్పి, మిగతా బోధ ఆనందుణ్ని చెయ్యమని పక్కకు వాలాడు. బోధ ఆగలేదు. నడుము నొప్పినీ దాచలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష వేదిక మీదికి వచ్చినప్పుడు బాబాసాహెబ్‌కు చక్కెర వ్యాధి, కాళ్ల నొప్పులు. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి సహాయకుడి భుజం మీద. లక్షల మందిని లేపి నిలబెట్టినవాడు ఇంకొకరి భుజం పట్టుకుని నడిచాడు. మోకాలు నొచ్చి కర్ర పట్టుకోవడానికి, ధ్యానంలో కుర్చీ అడగడానికి సిగ్గుపడే ఉపాసకులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సోణుడి కథ వీణతో అయిపోలేదు. పాదాలు చూసిన బుద్ధుడు అతనికి ఒక పొర అట్టతో చేసిన చెప్పులు వేసుకోమని అనుమతి ఇచ్చాడు. సోణుడు ఒప్పుకోలేదు. అంత సంపద వదిలి వచ్చినవాడు చెప్పుల దగ్గర ఆగిపోయాడని అంటారు, సంఘమంతటికీ ఇస్తే నేనూ వేసుకుంటాను అన్నాడు. బుద్ధుడు భిక్షువులందరికీ అనుమతి ఇచ్చాడు. వినయంలో ఈ సంగతి ఉన్న భాగం పేరే చమ్మక్ఖంధకం, తోలు అధ్యాయం.

దొర ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన తాతల మనవలం మనం. ఊరందరికీ చెప్పులు కుట్టి తాము ఉత్త కాళ్లతో నడిచినవాళ్ల పిల్లలం. ఈ దేశంలోనే, అంతకాలం కింద, ఒకరి పాదం నొస్తే అందరికీ చెప్పులు అని నిర్ణయించిన సంఘం ఉండేదంటే అది మనకు ఎంత దగ్గరి మాటో వేరే చెప్పాలా?

కాబట్టి ఒక పిల్లవాడి మోకాలు వాడొక్కడి సమస్యగా వదిలెయ్యకండి. మీ విహారంలో, మీ బస్తీ సంఘంలో వచ్చే ఆదివారం వందన అయ్యాక ఈ విషయం మాట్లాడండి. పరుగు సాధన చేస్తున్న పిల్లలెవరో పేర్లు రాసుకోండి. అరిగిన బూట్లు ఎవరివో చూడండి, చందా వేసి కొనండి. మన ఉపాసకుల్లో నర్సు, ఫిజియోథెరపిస్టు, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే నెలకొక పూట అడగండి. వారంలో రెండు రోజులైనా మట్టి మైదానానికి తీసుకెళ్లండి. కొలిమి ముందు నేల మీద కూర్చుని పనిచేసే అక్కల మోకాళ్లు కూడా ఆ రోజే చూపించండి. వాళ్లకు పరీక్ష తేదీ లేదు, కాబట్టి వాళ్ల నొప్పి ఎవరి లెక్కలోకీ రాదు.

ఇప్పుడు నొప్పితో ఉన్న తమ్ముడికి, చెల్లికి ఒక్క మాట. రేపు పొద్దున బూట్లు కట్టుకునే ముందు మోకాలి మీద చెయ్యి పెట్టండి. నిన్నటి కంటే ఎలా ఉందో నిజాయితీగా అడగండి. అది పరిగెత్తు అంటే సరిపడా పరిగెత్తండి. నడువు అంటే నడవండి. ఆగు అంటే ఆగి, ఆ పూట పుస్తకం తియ్యండి. రాత పరీక్ష కూడా ఉంది కదా.

భవతు సబ్బ మంగళం. నమో బుద్ధాయ, జై భీమ్!