నిజానిజాలు తెలుసుకోవడం అనుమానించడమా?

మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. కొడుకు సౌదీ అరేబియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకరోజు ఆయన అస్ర్ నమాజు చేసుకొని ఇంటికి వచ్చేసరికి కొడుకు వాట్సాప్ నుంచి సందేశం వచ్చి ఉంది. “అబ్బాజాన్, హైదరాబాదులో నా మిత్రుడి తల్లిని ఆసుపత్రిలో చేర్చారు. 40 వేల రూపాయలు ఈ నంబరుకు వెంటనే పంపండి. నేను డ్యూటీలో ఉన్నాను, ఫోను ఎత్తలేను.” నంబరు కొడుకుదే, ఫొటో కూడా కొడుకుదే. ఆయన పంపించేశారు. ఆ రాత్రి కొడుకు మరో నంబరు నుంచి ఫోను చేసి, తన వాట్సాప్ ఎవరో దుండగుల చేతిలోకి పోయిందని చెప్పాడు.

పోయిన డబ్బు కన్నా ఒక ప్రశ్న ఆయన్ని ఎక్కువగా బాధించింది. “కన్నకొడుకును నేను అనుమానించి ఉండాల్సిందా? అనుమానం పాపమని కదా మనం నేర్చుకున్నది!”

ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు అతిగా అనుమానించడం మానుకోమని విశ్వాసులను ఆదేశిస్తోంది. అయితే అదే సూరా 6వ ఆయతు, దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకపోతే తర్వాత పశ్చాత్తాపపడాల్సి వస్తుందని హెచ్చరిస్తోంది. ఈ రెండు ఆదేశాల మధ్య ఎలాంటి వైరుధ్యమూ లేదు. అనుమానం మనిషి మీద తీర్పు చెబుతుంది. విచారణ వార్తను మాత్రమే పరీక్షిస్తుంది. మొదటిది మనసులో పుట్టే రోగం, రెండవది బుద్ధి నిర్వర్తించే బాధ్యత.

“వార్త తెచ్చింది దుర్మార్గుడైతే సరే, ఇక్కడ అడిగింది కొడుకు కదా?” అని ఎవరైనా అనవచ్చు. కానీ అడిగింది కొడుకు కాదు, కొడుకు పేరుతో ఉన్న ఒక ఫోను. నంబరు, ఫొటో మనిషి కావు. ఈ రోజుల్లో గొంతును కూడా యంత్రంతో అనుకరిస్తున్నారు. అలాంటప్పుడు ఒక్క క్షణం ఆగి విచారించడం కొడుకును అవమానించడం కాదు, అతని పేరును దుర్మార్గుడి చేతిలో పడకుండా కాపాడటమే.

అప్పు విషయంలో ఖుర్‌ఆన్ నేర్పిన పద్ధతి చూడండి. ఖుర్‌ఆన్‌లోకెల్లా పెద్ద ఆయతు, బఖరా సూరాలోని 282వ ఆయతు, గడువు పెట్టుకొని ఇచ్చిపుచ్చుకునే అప్పును రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని చెబుతోంది. ఆ మాట చెబుతున్నది విశ్వాసులకే. పరస్పరం నమ్మకం ఉన్నవారికి కూడా పత్రం అవసరమైనప్పుడు, పత్రం అడిగినందుకు సోదరుడు నొచ్చుకోవాల్సిన పని లేదు. పైగా ఆ పత్రమే రేపు వారి మధ్య నమ్మకాన్ని నిలబెడుతుంది.

కనుక ప్రతి కుటుంబం ఒక నియమం ముందే పెట్టుకోవాలి. డబ్బు అడిగే సందేశం ఎవరి పేరుతో వచ్చినా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మనమే ఫోను చేసి మాట్లాడాలి. ఫోను కలవకపోతే ఇంట్లో మరొకరి ద్వారా కనుక్కోవాలి. కుటుంబానికి మాత్రమే తెలిసిన ఒక మాటను గుర్తుగా పెట్టుకుంటే ఇంకా మంచిది. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరికీ మనస్తాపం కలగదు.

ఆ కొడుకు వాట్సాప్ ఎలా పోయిందో కూడా తెలుసుకోవాలి. “నా కోడ్ పొరపాటున నీ ఫోనుకు వచ్చింది, కాస్త చెప్పు” అని ఒక మిత్రుడి పేరుతో సందేశం వస్తే, అతను ఆ 6 అంకెలు చెప్పేశాడు. అది అతని ఖాతాను మరో ఫోనులో తెరిచే తాళంచెవి. సెట్టింగుల్లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టుకొని ఉంటే ఆ తాళంచెవి ఒక్కటే సరిపోయేది కాదు. తండ్రి అయినా, కొడుకు అయినా మోసపోయింది ఒకరికి సహాయం చేయబోయి. మోసగాడు వాడుకున్నది వారి మంచితనాన్నే.

ఆశనూ భయాన్నీ కూడా ఇలాగే వాడుకుంటారు. “మీకు డబ్బు వస్తుంది, పిన్ నొక్కండి” అంటారు. యూపీఐ పిన్ నొక్కేది డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి కాదు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు పంపుతారు. దాన్ని తెరిచి ఫోనులో ఎక్కిస్తే మనకు వచ్చే ఓటీపీలు దొంగకు చేరిపోవచ్చు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరిస్తారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలోనూ ఈ విషయం స్పష్టం చేశారు. ఇలాంటివన్నీ తొందరపాటు మీదే ఆధారపడి ఉంటాయి. ఆలోచించుకోవడానికి మనకు వ్యవధి ఇవ్వనివాడు మన మేలు కోరేవాడు కాడు.

ఇందులో మన యువకులు గమనించాల్సిన మరో కోణం ఉంది. “మీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం” అని అడిగేవారు తిరుగుతున్నారు. ఆ పెద్దాయన పంపిన 40 వేలు చేరింది అలాంటి ఒక ఖాతాలోకే. “నేనెవరినీ మోసం చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను” అనే జవాబు చట్టం ముందు నిలవదు. అల్లాహ్ సన్నిధిలో అసలే నిలవదు. పాపకార్యంలో సహకరించి పొందిన కమీషన్ హలాల్ సంపాదన ఎలా అవుతుంది?

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఆ పెద్దాయన జరిగింది నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొడుకునూ చెప్పవద్దన్నారు. “చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా” అంటారేమోనన్న సిగ్గు! కానీ ఇలాంటి సమయంలో ప్రతి నిమిషమూ విలువైనదే. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లిస్తూ పోతాడు. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ తెలియజేస్తే ఖాతాల్లో మిగిలిన సొమ్మునైనా ఆపించే అవకాశం ఉంటుంది. ఆయన ఫిర్యాదు చేసేసరికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. దొంగకు ఆ నాలుగు రోజులు ఇచ్చింది ఆయన అమాయకత్వం కాదు, మన ఎగతాళి అంటే ఆయనకున్న భయం.

మనం మాట్లాడుకుంటున్న ఆ హుజురాత్ సూరాలోనే ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, పరోక్షనింద చేయవద్దనీ కూడా ఉంది. విచారించుకోమన్న ఆదేశాన్ని మోసపోయినవారికి గుర్తుచేసే మనం, ఈ ఆదేశాలను ముందుగా మనకు గుర్తుచేసుకోవాలి. మన ఇళ్లల్లో వృద్ధులు, పిల్లలు “నేను మోసపోయాను” అని భయం లేకుండా చెప్పగలిగిన రోజున దొంగలకు సగం బలం పోతుంది.

మన మంచితనాన్ని పోగొట్టుకోకుండానే జాగ్రత్తగా మసలుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.