సిగ్నల్ అందని గది

పాలకొల్లులో మా అమ్మ ఉండే ఇల్లు తాతయ్య కట్టించింది. గోడలు అడుగున్నర మందం. ముందు వీధి గది, తర్వాత మండువా, దాని వెనక వంటిల్లు, అది కూడా దాటాక ఒక చిన్న గది. అందులో పాత బీరువా, ఊరగాయ జాడీలు, కిటికీ పక్కన ఒక పేము కుర్చీ. ఇంటర్నెట్ పెట్టించినప్పుడు ఆ వచ్చిన కుర్రాడు రౌటర్ని వీధి గది గోడకే బిగించి వెళ్ళిపోయాడు. మండువా దాటేసరికి సిగ్నల్ సన్నగిల్లేది. వెనక గదిలో అసలు ఉండేదే కాదు. మామూలు ఫోన్ సిగ్నల్ కూడా అక్కడ అంతంత మాత్రమే.

అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాదులో ఉంటాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా అమ్మకి పదకొండుసార్లు ఫోన్ చేశాను. అందలేదు. చివరికి పక్కింటి పిన్నిగారికి చేస్తే, ఆవిడ గోడ అవతల నుంచి పిలిచి, పలకకపోయేసరికి పెరటి తలుపు గుండా వెళ్ళి చూశారు. అమ్మ వెనక గదిలో పేము కుర్చీలో కూర్చుని ఉందట. చేతిలో పుస్తకమైనా లేదట. పిన్నిగారి ఫోన్ అందుకుని, "ఏమయ్యిందే, కొంప అంటుకుందా?" అని నన్నే అడిగింది.

ఆ శనివారమే బస్సెక్కాను, సంచిలో ఒక వైఫై ఎక్స్‌టెండర్ పెట్టుకుని.

కొనేటప్పుడు షాపతను మొబైల్ సిగ్నల్ బూస్టర్ కూడా తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. మొబైల్ కంపెనీలు లైసెన్సు తీసుకుని వాడే తరంగాలని మనంతట మనం పెంచుకునే పెట్టెని అనుమతి లేకుండా పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. దాని రొద వల్ల చుట్టుపక్కల వాళ్ళ కాల్స్ దెబ్బతింటాయి. వైఫై సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి 2005లోనే మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. పరిమితికి లోబడి ఎవరింట్లో వాళ్ళు వాడుకోవచ్చు.

అమర్చేటప్పుడు అందరూ చేసే తప్పే నేనూ చేశాను. సిగ్నల్ ఎక్కడ లేదో అక్కడే, అంటే వెనక గదిలోనే, ఎక్స్‌టెండర్ పెట్టాను. ఫోన్లో గీతలన్నీ నిండుగా కనిపించాయి. వీడియో కాల్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. కాసేపటికి గాని వెలగలేదు. ఎక్స్‌టెండర్ సిగ్నల్ని పుట్టించదు, తను విన్నదాన్ని మళ్ళీ చెబుతుంది, అంతే. నా ఫోన్లోని గీతలు ఎక్స్‌టెండర్ నాకు బాగా వినిపిస్తోందని చెబుతాయి. రౌటర్ మాట ఎక్స్‌టెండర్‌కి వినిపిస్తోందో లేదో వాటికి తెలీదు. అందుకని దాన్ని దారి మధ్యలో, రౌటర్ సిగ్నల్ ఇంకా బాగా ఉన్నచోట పెట్టాలి. మండువాలో స్తంభం పక్కన ఒక ప్లగ్గు ఉంది. అక్కడ పెట్టి, రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి, రెండు నిమిషాలలోపు దీని మీదా నొక్కితే రెండూ కలిశాయి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువే గాని ఇంత మందపాటి గోడలు దాటడం దానివల్ల కాదు. 2.4 మెరుగు. వినడానికీ చెప్పడానికీ ఒకటే రేడియో కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అమ్మతో మాట్లాడడానికి ఆ సగం చాలు.

అమ్మ మండువాలో కత్తిపీట ముందు కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. అయిపోయాక, "అయితే ఇక ఆ గదిలోకి కూడా వచ్చేస్తుందన్నమాట" అంది. మెచ్చుకుంటోంది అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా సంచిలో ఒక చిన్న కెమెరా కూడా ఉంది. ఆ విషయం అమ్మకి చెప్పలేదు. ముందు సిగ్నల్ వస్తే, వచ్చేసారి కెమెరా సంగతి చూడొచ్చని నా ఆలోచన. ఒకేసారి రెండూ అడిగితే రెండూ వద్దంటుందని తెలుసు.

నేను తిరిగొచ్చిన నాలుగోరోజు, ఎక్స్‌టెండర్ ఆఫ్ అయిందని ఫోన్లో యాప్ చెప్పింది. మధ్యాహ్నం ఒకటిన్నరకి పోయి నాలుగింటికి మళ్ళీ వచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రౌటర్ పనిచేస్తూనే ఉంది కాబట్టి కరెంటు పోవడం కాదు. అమ్మని అడిగాను.

"నేనే తీసేస్తున్నానే. నాలుగింటికి మళ్ళీ పెడుతున్నానుగా."

"ఆ టైములో నువ్వు పడిపోతే ఎవరికి తెలుస్తుందమ్మా?"

"పడేదాన్ని ఎక్కడైనా పడతాను. నీ పెట్టె పట్టుకుంటుందా?"

"పోనీ ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవచ్చు కదా. ప్లగ్గు పీకడం ఎందుకు?"

దానికి కొంచెం ఆగి చెప్పింది. "అప్పుడు అమ్మ తియ్యలేదంటావు. ఇదైతే అందలేదంటావు."

ఈ రెండు మాటల మధ్య తేడా గురించి అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

1991లో నేను విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడి పక్కింటి వాళ్ళ నంబరుకి చేస్తే అమ్మ పరిగెత్తుకొచ్చేది. మూడు నిమిషాలు మాట్లాడితే గొప్ప. మిగతా ఆరు రోజులూ నేనెక్కడ తిరిగానో, ఏం తిన్నానో ఆమెకి తెలీదు. జ్వరం వస్తే దాచాను. చెప్పకుండా భీమిలి వెళ్ళాను. నా బుర్ర నాకంటూ ఏర్పడింది ఆ ఆరు రోజుల్లోనే. అయితే దాన్ని అమ్మ ఉదారంగా ఇచ్చిన స్వేచ్ఛ అనలేం. ఇంట్లో ఫోను లేదు, అంతే. ఉంటే రోజూ చేసేదేమో.

అప్పట్లో ఒక మనిషి అందకపోవడం ఎవరి నిర్ణయమూ కాదు. గోడ అడ్డం వచ్చింది, దూరం అడ్డం వచ్చింది, తీగ లేదు. ఎవరిమీదా కోపం రాదు. ఇప్పుడు గోడనీ దూరాన్నీ రెండువేల రూపాయల్లోపు పెట్టెతో దాటేయగలం. అందుకని ఇప్పుడు అందకపోతే ఎవరో ఒకరు నిర్ణయించుకున్నట్టే. నిర్ణయం అన్నాక సంజాయిషీ ఉంటుంది. నేను ఆ ఇంటికి పట్టుకెళ్ళింది సిగ్నల్ ఒక్కటే కాదు, సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం కూడా. అమ్మ ప్లగ్గు తీసి, ఆ రెండున్నర గంటలపాటు మళ్ళీ గోడనే అడ్డం పెట్టుకుంటోంది.

నా వైపు వాదన చిన్నదేం కాదు. తుంటి ఎముక విరిగి గంటల తరబడి నేలమీద పడి ఉన్న పెద్దవాళ్ళ కథ ఒకటైనా ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తుంది. అలాంటప్పుడు గంట ముందు తెలియడానికీ తర్వాత తెలియడానికీ చాలా తేడా ఉంటుంది. "ఆవిడ ఇష్టం ఆవిడది" అని ఊరుకుంటే, రేపేదైనా జరిగినప్పుడు ఆ మాట నన్ను ఓదార్చదు.

జాన్ స్టువర్ట్ మిల్ 1859లో వెలువరించిన 'ఆన్ లిబర్టీ'లో ఒక గీత గీశాడు. బుద్ధి ఎదిగిన మనిషిని తన మంచి కోసమే అని చెప్పి బలవంతపెట్టకూడదు, ఆ పని వల్ల ఇతరులకి హాని జరిగేటప్పుడే ఆపాలి అని. చదువుకునే రోజుల్లో ఇది తేలిగ్గా ఒప్పుకున్నాను. ఇప్పుడు ఒక చిక్కు కనిపిస్తోంది. నా కంగారు కూడా హానే కదా? ఆఫీసులో ఏ పనీ చేతకాక పదకొండుసార్లు ఫోన్ చేసిన ఆ మూడు గంటలు నాకు నిజమైన బాధే. కాని దాన్ని హాని కింద లెక్కేస్తే, మనల్ని ఎవరు ఎంత ఎక్కువ ప్రేమిస్తే వాళ్ళకి మన మీద అంత అధికారం వచ్చేస్తుంది. కంగారు పడేవాళ్ళే గెలుస్తారు. నా భయం నిజమే, కాని అది నాది. దానికి మందు అమ్మ మధ్యాహ్నాల్లోంచి తియ్యాలనుకోవడం సరికాదు.

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ప్రభుత్వం తలుపు తోసుకుని వస్తే ఆ తీర్పు పట్టుకుని నిలబడొచ్చు. కూతురు ఎక్స్‌టెండర్ పట్టుకుని వస్తే ఏ కోర్టుకి వెళ్తాం? ప్రేమతో వచ్చేవాళ్ళని ఆపడానికి మనకి మాటలే తక్కువ. అందుకే మా అమ్మ మాటలతో ఆపలేదు.

దసరాకి వెళ్ళినప్పుడు అడిగాను, "ఆ గదిలో ఏం చేస్తావమ్మా?" అని.

"ఏమీ చెయ్యను. అందుకే వెళ్తాను" అంది. తర్వాత ఎప్పుడో, గిన్నెలు సర్దుతూ తనే అంది. "పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ పిలిస్తే పలకడమే కదే నా పని. మీ తాతయ్య పిలిచేవారు, మీ నాన్న పిలిచేవారు, మీరు పిలిచేవాళ్ళు. ఆ గదిలోకి వెళ్తే వినపడేది కాదు. వినపళ్ళేదంటే ఎవరూ ఏమనేవారు కాదు."

ఆ ఇంట్లో పుట్టి పెరిగాను. ఆ గదిని ఊరగాయల గది అనుకున్నానే తప్ప ఇంకోలా ఎప్పుడూ అనుకోలేదు.

కెమెరా గురించి ఆరోజు చెప్పేశాను. తిట్టింది. తిట్టాక ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. మధ్యాహ్నం ప్లగ్గు తీసేది తనే, పెట్టేది తనే. నాలుగున్నరకీ పెరటి తలుపు తెరుచుకోకపోతే పిన్నిగారు వచ్చి చూస్తారు. కెమెరా హైదరాబాదులో మా బీరువాలో డబ్బాలోనే ఉంది.

ఇది సరైన పరిష్కారమేనా? ఒకటిన్నరకీ నాలుగున్నరకీ మధ్య మూడు గంటలున్నాయి. ఏదైనా జరగాలంటే అందులో జరగొచ్చు. ఆ ప్రమాదాన్ని అమ్మ తెలిసే తీసుకుంటోంది. తీసుకోనివ్వడం నా వంతు. చూసుకోవడం అనే మాటలో ఇది కూడా ఉందని నాకు ఇదివరకు తెలీదు.

ఇప్పటికీ రోజూ ఒకటిన్నరకి, ఎక్స్‌టెండర్ ఆఫ్ అయిందని నా ఫోన్ చెబుతుంది. అంటే అమ్మ భోంచేసి, మండువాలోకి నడిచి, తన చేత్తో ప్లగ్గు తీసిందన్నమాట. కొన్నాళ్ళు దాన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. తర్వాత, ఇదీ నిఘాయే కదా అనిపించి అమ్మకి చెప్పాను, కావాలంటే అది కూడా ఆపేస్తానని. కాసేపు ఆలోచించింది.

"పోన్లే, అదొక్కటీ ఉంచుకో" అంది.