అమ్మ పెన్సిల్ రాతలు

పోచారంలో మా పాతిల్లు దులుపుతుంటే అటక మీద అమ్మ బి.ఎడ్. నాటి మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకం దొరికింది. ప్రజ్ఞాలబ్ధి పట్టికలో అంకెల పక్కన పెన్సిల్‌తో తన తరగతి పిల్లల పేర్లు రాసుకుంది. 120 పైన నా పేరు. 70కి దిగువన, ఐదో తరగతి దాకా నా పక్కన కూచున్న స్నేహితురాలి పేరు. ఏ పరీక్షా పెట్టలేదు. చూసి రాసేసింది, అంతే. కింద ఉన్నవాళ్లంతా ఊరికి అవతల ఉండే ఇళ్ల పిల్లలే.

ఆ పిల్ల సెలవుల్లో వాళ్లమ్మతో మా పొలానికే కలుపు తీయడానికొచ్చేది. ఎవరెన్ని రోజులొచ్చారో, ఎవరికెంత కూలి రావాలో కాగితం లేకుండా చెప్పేది. ఆరో తరగతికి రాలేదు. (ఆ పొలాల మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి.)

పుస్తకంలో బినే పేరుంది, ఆయన హెచ్చరిక లేదు. సిమోన్‌తో కలిసి 1905లో ఆయన పరీక్ష తయారుచేసింది పారిస్ బడుల్లో అదనపు సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. తెలివి మారదనేవాళ్లను 1909లో గట్టిగానే ఖండించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ చేతిలో అదే పరీక్ష పుట్టుబుద్ధిని తూచే తక్కెడయింది.

ఇక స్త్రీల సంగతి. మగవాళ్ల బుద్ధిలో హెచ్చుతగ్గులెక్కువ, అందుకే మేధావులు వాళ్లలోనే ఎక్కువన్న వాదాన్ని థార్న్‌డైక్ సమర్థించాడు. ఆయన దగ్గరే చదువుకుంటున్న లీటా హాలింగ్‌వర్త్, హెలెన్ మాంటేగ్‌తో కలిసి 1914లో వెయ్యిమంది మగ, వెయ్యిమంది ఆడ శిశువుల కొలతలు పోల్చి, పుట్టుకలో అలాంటిదేమీ కనబడదని చూపింది. ఇంటిచాకిరీలో మునిగినవాళ్ల ప్రతిభ బయటికెలా కనిపిస్తుందనీ అడిగింది.

ఇక్కడిదాకా చదివి సంతోషించినదాన్నే నేనూ. నన్ను నిలవనివ్వనిది 1937 నాటి సవరణ. ఆడ, మగ పిల్లల మధ్య పెద్ద తేడా వచ్చిన ప్రశ్నల్ని, అవి న్యాయమైనవి కాకపోవచ్చని, టెర్మన్, మాడ్ మెరిల్ తీసేశారు. మంచిపనే. కూలీల పిల్లలకూ పెద్ద ఉద్యోగుల పిల్లలకూ మధ్య వచ్చిన తేడాను మాత్రం అలాగే ఉంచారు. ఒకచోట తప్పు ప్రశ్నది, ఇంకోచోట పిల్లది! ఆడపిల్లగా నాకు దక్కిన న్యాయం నా పక్కన కూచున్న ఆడపిల్లకు దక్కలేదు. మనం మొదటి సగం గురించే ఎక్కువ రాసుకున్నాం, నా థీసిస్‌తో సహా.

పుస్తకం అమ్మ ముందు పెట్టాను.

"ఎందుకు రాసినవమ్మా?"

"మాకు గట్లనే చెప్పిన్రు బిడ్డా."

కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు ఆ పేరు చూసింది.

"ఈ పిల్ల కూలి లెక్క మంచిగ చెప్పేది గద," అంది.