ఈ రాళ్లు ఎందుకని అడిగినప్పుడు

ప్రియులారా, యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలువబెట్టిరి (యెహోషువ 4వ అధ్యాయము). ఈ రాళ్లు ఎందుకని పిల్లలు అడిగినప్పుడు, దేవుడు చేసిన మేలును తండ్రులు వారికి చెప్పవలెను. పొందిన మేలును జ్ఞాపకము చేసికొనుట సంతోషకరమే. అయితే మనము చేసిన కీడును జ్ఞాపకము చేసికొనుటకు ఒక రాయినైనను నిలుపుదుమా?

జర్మనీ ముఖ్యపట్టణమైన బెర్లిను నడిబొడ్డున అట్టి గురుతు ఒకటి యున్నది. హిట్లరు పాలనలో చంపబడిన సుమారు 60 లక్షలమంది యూదుల జ్ఞాపకార్థము 2,711 కాంక్రీటు దిమ్మెలు అక్కడ వరుసలుగా నిలుపబడెను. పీటర్ ఐసెన్‌మన్ అను వాస్తుశిల్పి దానిని రూపించెను. 2005లో అది ప్రజలకు తెరువబడెను. దిమ్మెలమీద ఏ వ్రాతయు లేదు. లోనికి పోయినకొలది నేల పల్లమగును, దిమ్మెలు తలకు మించి లేచును. జయస్తంభములు నాటిన జనములు అనేకము. తమ అపరాధమును తమ వాకిటనే నిలుపుకొన్నవారు అరుదు.

దావీదు కూడ ఆలాగే చేసెను. 51వ కీర్తన ప్రధానగాయకునికి అప్పగింపబడినది. బత్షెబ సంగతి దాని శీర్షికలోనే యున్నది. క్షమాపణ వేడినవాడు తన పాపమును సమాజమునకు దాచలేదు.

మన ఆలయపు గోడలమీద కానుకలిచ్చినవారి పేర్లు చెక్కించితిమి. కులమునుబట్టి మనము దూరముగా కూర్చుండబెట్టిన సహోదరుల జ్ఞాపకము ఏ గోడమీద నున్నది? ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు దీనిని ఒప్పుకొందము. మన పిల్లలు అడిగిన దినమున దాచక చెప్పుదము. అట్టి ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.