‘సారీ’ అన్న మాట

ఇంగ్లీషు చదువుకోకపోయినా మనవాళ్ళందరికీ వచ్చే ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘సారీ’ ఒకటి. బెజవాడ బస్సులో కాలు తొక్కినవాడూ అంటాడు, చేబదులు తీర్చలేనివాడూ అంటాడు. ఇంత తేలిక మాటకు అర్థాలు వెదకడం దేనికని మీరడగవచ్చు. నేనూ అలాగే అనుకుంటూ ఈ దేశంలో దిగాను. దిగిన తరువాత గాని ఆ మాట నాకు సరిగా రాదని తెలియలేదు.

నేను వచ్చింది 1974లో. ఉద్యోగాలకు దరఖాస్తులు పెడితే వచ్చిన జవాబుల్లో ‘సారీ’ ఉండేది. అక్కడ దాని అర్థం ‘ఖాళీ లేదు, వెళ్ళిరా’ అని. దుకాణంలో నా ఉచ్చారణ బోధపడని అమ్మాయి ‘సారీ?’ అని చివర సాగదీసేది, అంటే ‘ఏమన్నారు?’ అని. నా పాత కారుకు మెకానిక్ అదే మాటను విశేషణంగా తగిలించాడు. అంటే దిక్కుమాలిన బండి అని. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. 1979లో మా నాన్నగారు పోయారని టెలిగ్రాం వచ్చింది. మర్నాడు ఆఫీసులో ఒక పెద్దమనిషి నా బల్ల దగ్గరకు వచ్చి, భుజంమీద చెయ్యి వేసి, ‘అయామ్ సారీ’ అన్నాడు. ‘ఫరవాలేదండీ, ఇందులో మీ తప్పేముంది?’ అన్నాను. ఆయన తెల్లబోయాడు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలుసు. ఆయన అన్నది మన ‘అయ్యో’. నేను విన్నది ‘తప్పయింది’. తెలుగులో ఈ రెండూ రెండు మాటలు. ఎదుటివాడి కష్టం చూస్తే అయ్యో అంటాం, పాపం అంటాం. మనవల్ల కష్టం కలిగితే తప్పయిందంటాం. ఆపైన ‘మన్నించండి’ అని అడగడం మూడో పని. ఇంగ్లీషువాడు ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టాడు. సంచి తీసుకున్నవాడు లోపలున్నదేదో ఊహించుకోవాలి.

పుట్టుక చూస్తే ‘సారీ’ అనేది నొప్పి, పుండు అని అర్థమిచ్చే ‘సోర్’ అన్న మాటకు చుట్టం. దుఃఖమనే ‘సారో’కు పుట్టుకతో సంబంధం లేదు, పోలికవల్ల తరువాత దగ్గరయింది. అంటే మొదట్లో ‘సారీ’ అన్నవాడు చెప్పింది ‘నాకు నొప్పిగా ఉంది’ అనే. మన ‘క్షమించండి’ ఇంకో దారిన వచ్చింది. సంస్కృతంలో ఆ ధాతువుకు ఓర్చుకోవడమని అర్థం; అన్నిటినీ ఓర్చే భూమికీ క్షమ అని పేరు. కాబట్టి క్షమించండి అంటే ‘మీరు ఓర్చుకోండి’ అని. ఒక మాట నా నొప్పిని గురించి చెబుతుంది, రెండోది మీ ఓర్పును అడుగుతుంది. ‘తప్పు నాది’ అన్న సంగతి మాత్రం రెండిట్లోనూ లేదు. దాన్ని వేరే నోరు తెరిచి చెప్పవలసిందే. ఈ చిన్న విషయం నాకు నిఘంటువులవల్ల తెలియలేదు.

1983 జనవరిలో ఒక సాయంత్రం సూపర్‌మార్కెట్ ముందు కారు వెనక్కు తీస్తున్నాను. నేలమీద మంచు గడ్డకట్టి ఉంది. వెనుక అద్దం సగమే తుడిచాను. సరుకుల సంచీతో నడిచిపోతున్న ఒక ముసలావిడకు కారు తగిలి పడిపోయింది. నేను దిగి పరుగెత్తేసరికి ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. నారింజపళ్ళు దూరంగా దొర్లిపోయాయి. నా నోట ‘అయ్యో, అయ్యో’ అని వచ్చింది. పక్కసీట్లోంచి దిగిన మిత్రుడు నా మోచెయ్యి పట్టుకుని, ‘మాస్టారూ, సారీ అనకండి. అంటే మీరే ఒప్పుకున్నట్టు’ అన్నాడు తెలుగులో.

అనలేదు. అంబులెన్సు పిలిపించాను, కోటు తీసి కప్పాను, పోలీసుకు లైసెన్సు చూపించాను. చెయ్యవలసినవన్నీ చేశాను. ఆవిడ నావంక చూస్తూనే ఉంది. నేనన్న ‘అయ్యో’ ఆవిడకు తెలియదు. ఆవిడకు తెలిసిన మాట నేననలేదు.

మిత్రుణ్ణి తప్పు పట్టను. ఆయన భయం ఉత్తిది కాదు. ఇక్కడ ఒక్క దావాతో సంసారం తలకిందులవుతుంది. తప్పు ఒప్పుకోవద్దని ఇన్సూరెన్సువాళ్ళూ చెబుతారు. ఈ భయం దేశమంతా ఉన్నదే. 1974లో మాసచూసెట్స్‌లో ఒక రాష్ట్ర సెనేటర్ కూతురు సైకిలుమీద వెళ్తూ కారు తగిలి చనిపోయింది. నడిపినవాడు ఆ తండ్రికి ఒక్క మాటైనా చెప్పుకోలేదు. చెబితే కోర్టులో తన మెడకే చుట్టుకుంటుందని భయం. ఆ తండ్రి బాధలోంచి 1986లో ఒక చట్టం పుట్టింది: ప్రమాదంలో దెబ్బతిన్నవారిపట్ల చూపిన సానుభూతిని తప్పొప్పుకోలుకు సాక్ష్యంగా వాడకూడదని. తరువాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. కాలిఫోర్నియావారు 2000లో చేసిన చట్టం మరీ సూక్ష్మమైనది. ‘మీకు దెబ్బ తగిలినందుకు సారీ’ అంటే అది సాక్ష్యం కాదు. దాని వెంట ‘తప్పు నాదే’ అంటే ఆ ముక్క సాక్ష్యమవుతుంది. అంటే అయ్యోకు రక్షణ ఉంది, తప్పయిందికి లేదు. మన అమ్మమ్మలు రెండు మాటలతో విడదీసినదాన్ని వీళ్ళు శాసనసభలో కూర్చుని విడదీయవలసి వచ్చింది!

మనుషులకే కాదు, ప్రభుత్వాలకూ ఇదే ఇబ్బంది. 2001 ఏప్రిల్‌లో హైనాన్ దగ్గర అమెరికా నిఘా విమానమూ చైనా యుద్ధవిమానమూ ఢీకొన్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. అమెరికావారు 24 మంది పదకొండు రోజులు చైనాలో చిక్కుకున్నారు. చివరకు అమెరికా రాసిన ఉత్తరంలో ‘వెరీ సారీ’ రెండుసార్లు ఉంది. చైనా దాన్ని క్షమాపణ అంది, అమెరికా కాదంది. మనుషులు ఇళ్ళకు చేరారు గనుక సంతోషమే. కాని ఎవరి తప్పో ఆ మాట చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికే దాన్ని ఎంచుకున్నారు.

ఇదే దేశం ఇంకోసారి ఇంకోలా మాట్లాడింది. 1942 నుంచి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇళ్ళనుంచి తరలించి శిబిరాల్లో ఉంచారు. వారిలో ఎక్కువమంది ఈ దేశ పౌరులే. 1988 ఆగస్టు 10న రీగన్ సంతకం చేసిన చట్టం ప్రజల తరఫున క్షమాపణ చెప్పింది. ఊరికే చెప్పలేదు. జాతి ద్వేషం, యుద్ధకాలపు వెర్రిభయం, నాయకుల వైఫల్యం అని కారణాలు పేరుపెట్టి చెప్పింది. బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. నలభై ఆరేళ్ళు ఆలస్యమైంది. ఆలోగా చాలామంది పోయారు. డబ్బు పోయిన ఏళ్ళను తీసుకురాలేదు. అయినా ఆ కాగితం చదివినవాడు ‘ఇందులో తప్పెవరిది?’ అని మళ్ళీ అడగనక్కరలేదు.

మన పద్ధతిలో ఒక అందముంది. ఎవరికైనా కాలు తగిలితే వారిని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. దేవుడి ముందు లెంపలు వేసుకుంటాం. అక్కడ మాట లేకపోయినా తప్పెవరిదో అనుమానం ఉండదు. కాలు నాది, చెయ్యీ నాదే. ఈ దేశం వచ్చాక ఆ పని మానేశాం, ‘సారీ’ నేర్చుకున్నాం. సూపర్‌మార్కెట్‌లో భుజం తగిలితే రోజుకు పదిసార్లు అంటాం. ఇంట్లో కోపంలో పిల్లవాణ్ణి అనరాని మాట అన్నప్పుడు మాత్రం, ఆ పూటకు ఐస్‌క్రీం కొనిపెట్టి ఊరుకుంటాం. తండ్రి సారీ చెప్పడమేమిటని!

ఇక నా సంగతి. ఆవిడ చెయ్యి అతుక్కుంది. ఏడాదిన్నరకు ఇన్సూరెన్సువాళ్ళు డబ్బిచ్చి వ్యవహారం ముగించారు. ఆవిడ సంతకం చేసింది. ఇక దావా లేదు, భయం లేదు. ఆవిడ చిరునామా నా సొరుగులో కాగితాల్లోనే ఉంది. వెళ్ళి గుమ్మంలో నిలబడి, ‘అద్దం తుడవకుండా వెనక్కు తీశాను, తప్పు నాది’ అని చెప్పడానికి నన్నాపేవాడు లేడు. నేను వెళ్ళలేదు. అప్పటిదాకా చట్టం అడ్డమొచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. ఆ తరువాత అడ్డమొచ్చింది సిగ్గు. రోజులు గడిచినకొద్దీ ఇప్పుడేం వెళ్తాంలే అనిపించింది. ఇల్లు మారినప్పుడు ఆ కాగితాలు పారేశాను.

ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ఆవిడకు తెలుగు రాదు. కనుక దీన్ని క్షమాపణ అనుకోకండి; నేనూ అనుకోవడం లేదు. మీలో ఎవరి సొరుగులోనైనా అలాంటి చిరునామా ఉంటే మాత్రం, ఇల్లు మారేలోపల ఒకసారి వెళ్ళిరండి.