అలవాటునకు ప్రాణము శ్రద్ధ

ఢిల్లీ మహానగరపు నైరుతి భాగమున రామకృష్ణపుర మను పేట యొకటి కలదు. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసమునకై నిర్మింపబడిన కాలనీలలో నది యొకటి. దేశపు నలుమూలలనుండి వచ్చిన గుమాస్తాలును, అధికారులును సెక్టారుల వారీగా అమర్చిన ఆ యిండ్లలో కాపురము చేయుచు వచ్చిరి. వారిలో ఆంధ్రులును కలరు. కాని 'రామకృష్ణపురము' అని నిండుగా పలుకువా రచట అరుదు. బస్సు పలకమీదను, ఉత్తరముల చిరునామాలోను, 2018లో తెరచిన మెట్రో స్టేషను పేరులోను గూడ అది 'ఆర్.కె. పురము' మాత్రమే.

నిత్యవ్యవహారమున నలిగి నలిగి యొక దివ్యనామము రెండు పొడి యక్షరములుగా మిగిలినది. ఇందులకు ఎవ్వరిని తప్పుపట్ట బనిలేదు. తొందరలో పలుకవలసిన పేరు పొట్టిదగుట లోకసహజము. కాని యిందొక విచారణీయాంశము కలదు. అదే నామమును వేకువజామున కన్నులు మూసికొని, జపమాల త్రిప్పుచు, వందలసారులు పలుకు భక్తుడును కలడు. బస్సెక్కువాడును పలుకుచున్నాడు, భక్తుడును పలుకుచున్నాడు. ఒకని నోట నామము అరిగిపోవుచున్నది. వేరొకని నోట నది నానాటికి వెలుగొందుచున్నది. ఆవృత్తి యిద్దరికిని సమానమే. మరి భేద మెచట? శాస్త్రపఠనమును, ధ్యానమును నిత్యకృత్యములుగా చేసికొనగోరు ప్రతి సాధకుడును ముందుగా తెలిసికొనవలసిన సంగతి యిదియే.

స్వాధ్యాయ మనగా తన శాఖకు చెందిన వేదమును నియమముగ పఠించుట యని పూర్వులు చెప్పిన యర్థము. యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు దానిని మఱింత విశాలము చేసి, మోక్షమును బోధించు శాస్త్రముల పఠనమును, ప్రణవజపమును గూడ స్వాధ్యాయమే యనెను. కావున నేడు గీతను, ఉపనిషత్తులను, భాగవతమును, మహాత్ముల యుపదేశములను భక్తితో చదువు గృహస్థుడును స్వాధ్యాయపరుడే.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఋషి మానవుని ధర్మముల నొక్కొక్కటిగా పేర్కొనును: ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నిహోత్రము, అతిథిసేవ, సంతానపోషణము. ప్రతి ధర్మము ప్రక్కను స్వాధ్యాయ ప్రవచనములను మరల మరల జతచేయును. ఇందలి భావము గ్రహింపదగినది. అతిథికి అన్నము పెట్టువాడు చదువవలెను. బిడ్డలను పెంచువాడు చదువవలెను. సత్యమునకు కట్టుబడి యుద్యోగము చేయువాడు చదువవలెను. స్వాధ్యాయము తీరిక గలవారి వేడుకయని శ్రుతి యెన్నడును తలపలేదు. సంసారమున నున్నవానికే అది మిక్కిలి యవసరమని దాని నిర్ణయము. విద్య ముగించి యింటికి మరలు శిష్యునకు ఆచార్యుడు చేయు హితోపదేశములో గూడ స్వాధ్యాయమున ఏమరుపాటు కూడదను మాట రెండు మారులు వినవచ్చును. గురుకులమున గురువు కలడు, సహాధ్యాయులు కలరు, వేళకు మేల్కొలుపువారు కలరు. ఇల్లు చేరిన పిదప అవేవియు లేవు. అపుడు శిష్యుని కాపాడవలసినది వాని యలవాటు మాత్రమే. ఆ సంగతి నెఱిగియే ఆచార్యుడు ద్వారము కడ నిలిచి హెచ్చరించుచున్నాడు.

'తీరిక యేది?' యని గృహస్థుడు ప్రశ్నించును. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. డిసెంబరు, జనవరి మాసముల చలిలో తెల్లవారకముందే గృహిణి పొయ్యి వెలిగించును. పిల్లలను బడికి సిద్ధము చేయవలెను. భర్త వేళకు కార్యాలయము చేరవలెను. సాయంకాలము తిరిగి వచ్చునప్పటికి దేహము డస్సియుండును. కావున స్వాధ్యాయమును పదవీవిరమణమునకు వాయిదా వేయుట పెక్కురకు సహజముగా తోచును.

గాంధీమహాత్ముడు జొహానెస్‌బర్గులో న్యాయవాదవృత్తిలో నుండగా ఇట్టి యిబ్బందినే యెదుర్కొనెను. గీతను కంఠస్థము చేయగోరెను గాని ప్రత్యేకముగ సమయము దొరకలేదు. ప్రాతఃకాలమున దంతధావనమునకు 15 నిమిషములు, స్నానమునకు 20 నిమిషములు పట్టెడివని ఆయన తన యాత్మకథలో చెప్పుకొనెను. పండ్లు తోముకొనుచు నిలుచుండు చోట, ఎదుటి గోడకు శ్లోకములు వ్రాసిన కాగితపు ముక్కల నంటించి, వానిని చూచుచు వల్లించెను. ఈ రీతిగా 13 అధ్యాయములు ఆయనకు కంఠగతము లయ్యెను. ఆయన సమయమును క్రొత్తగా సృష్టింపలేదు. ఉన్న సమయమునకు ఒక శ్లోకమును తోడుగా నిచ్చెను.

గీతయందు శ్లోకములు 700. దినమునకు ఒక్కటి చొప్పున చదివినను రెండేండ్లు నిండకమునుపే గ్రంథము పూర్తియగును. 25వ యేట ఉద్యోగమున చేరి 60వ యేట విరమించువాడు ఇట్లు దినమున కొక్క శ్లోకమునే చదువుచు పోయినచో, కార్యాలయమునకు సెలవు చెప్పు నాటికి గీతను 18 పర్యాయములు పూర్తిచేసియుండును. గీతయందలి యధ్యాయములును పదునెనిమిదియే గదా! ఏమియు చేయక విరమణదినమునకై వేచినవాని స్థితి యెట్టిది? 35 ఏండ్లు వాని మనస్సు ఫైళ్లను, పైయధికారి ముఖమును, పదోన్నతుల జాబితాను ధ్యానించినది. ఒక్క ప్రొద్దుట దానిని గీత ముందు కూర్చుండబెట్టినచో, కన్ను పుటమీద నుండును, మనస్సు పింఛను లెక్కమీద నుండును. మనస్సును నిందించి ప్రయోజనము లేదు. దాని కేది యభ్యాసము చేయింపబడినదో దానినే యది చేయుచున్నది.

ఇంతవరకు అలవాటు యొక్క ఆవశ్యకత. ఇక దానియందలి ప్రమాదమును చూడవలయును. పదేండ్లుగా ఒక్కదినమును తప్పక గీతాధ్యాయము పఠించు నొక గృహస్థు ననుకొందము. సమదర్శనమును బోధించు శ్లోకమును ఆయన గంభీరస్వరముతో చదువుచున్నాడు. ఆ క్షణముననే పనిమనిషి చేతినుండి పాత్ర జారిపడినది. పారాయణము నడుమనే ఆయన యామెపై కసరుకొని, తిరిగి విడిచిన పాదమునుండి యందుకొనెను. నియమము చెడలేదు, శ్లోకమును తప్పిపోలేదు. తప్పిపోయినది మరియొకటి కలదు.

ఆర్.కె. పురము ఏడవ సెక్టారునందలి గుట్టమీద స్వామినాథస్వామి యాలయము వెలసియున్నది. 1973 జూన్ 7వ తేదీన కుంభాభిషేకము జరిగిన ఆ కోవెలను ఢిల్లీవాసులు మలైమందిర మని పిలుతురు. స్వామినాథు డనగా కుమారస్వామియే. తండ్రియగు శివునకు ప్రణవార్థమును ఉపదేశించిన గురుమూర్తి. ద్రావిడదేశమున ప్రసిద్ధమైన ఆ కథ యిట్లుండును. బ్రహ్మదేవుడు కైలాసమునకు వచ్చుచు పోవుచు బాలుడైన కుమారుని లెక్కచేయక సాగెను. కుమారు డాయనను నిలిపి, వేదములకెల్ల ఆదియైన ప్రణవమునకు అర్థ మేమని యడిగెను. నాలుగు ముఖములతో నిరంతరము వేదమును పలుకు నాయన, దాని మొదటి యక్షరమునకు అర్థము చెప్పలేక తలవంచెను. కుమారు డాయనను బంధించెను. శివుడు వచ్చి బ్రహ్మను విడిపించి, ఆ యర్థమును తనకు వినిపింపుమని కుమారుని ముందు శిష్యునివలె వినయముతో నిలిచి వినెను.

ఈ కథలో నిత్యపారాయణము చేయువాడు బంధింపబడెను. వినయముతో వినగోరినవాడు ఉపదేశము పొందెను. వేదము పలుకుట బ్రహ్మకు స్వభావమైనది. స్వభావమైనందుననే ఆయన దానియందు నిలిచి చూడలేదు. అలవాటు మిక్కిలి సులభమైన నాడు సాధకునికిని ఈ ప్రమాదమే కలుగును. నోరు సాగును గావున మనస్సు సెలవు తీసికొనును.

పతంజలి అభ్యాసమునకు మూడు లక్షణములు చెప్పెను: అది దీర్ఘకాలము సాగవలెను, ఎడతెగక సాగవలెను, ఆదరముతో సాగవలెను. మొదటి రెండింటిని గడియారమును, క్యాలెండరును కొలువగలవు. మూడవదానిని కొలుచుటకు సాధకుని హృదయము తప్ప వేరు సాధనము లేదు. ఈ యాదరమునకే శ్రుతి శ్రద్ధ యని పేరు పెట్టినది. శాస్త్రవాక్యమును, గురువాక్యమును సత్యములని నిశ్చయించుటయే శ్రద్ధయని పెద్దలు నిర్వచించిరి. సత్యమని నమ్మినవాడు ఊరకుండలేడు. దానినిబట్టి నడువ యత్నించును.

కఠోపనిషత్తునందు నచికేతుని తండ్రి యజ్ఞము చేయుచున్నాడు. విధులన్నియు నడచుచున్నవి, దక్షిణలును తరలిపోవుచున్నవి. కాని యా గోవులు పాలుడిగినవి, ఈతలుడిగినవి. అది చూచిన బాలునియందు శ్రద్ధ ప్రవేశించెనని యుపనిషత్తు చెప్పుచున్నది. కర్మ తండ్రిది, శ్రద్ధ కుమారునిది. ఆ శ్రద్ధయే వానిని మృత్యువు వాకిటికి గొనిపోయి ఆత్మవిద్య నార్జింపజేసెను. స్వామి వివేకానందుడు శ్రద్ధ యను మాటను అంతగా నొక్కిచెప్పుటకు, నచికేతుని అంతగా ప్రేమించుటకు కారణ మిదియే. సాధకుడు దినదినము తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: నేడు భగవంతుని కర్పించిన యరగంట పాడియావా, ఒట్టిపోయిన యావా?

శ్రీరామకృష్ణులు ఇంటినుండి వచ్చిన యుత్తరపు దృష్టాంతమును చెప్పెడివారు. ఉత్తరము కనబడకపోయినచో ఇల్లెల్ల వెదకుదురు. దొరికిన పిదప అందు కోరిన మిఠాయి యెంత, వస్త్ర మేది యని తెలిసికొందురు. తెలిసిన పిమ్మట ఉత్తరమును ప్రక్కనబెట్టి ఆ వస్తువులను కొనుటకు బయలుదేరుదురు. శాస్త్రమును అట్టి యుత్తరము. దానిని ప్రతిదినము శ్రావ్యముగ చదివి, కోరిన వస్తువును ఒక్కనాడును కొనకున్నచో ఇంటివారి కేమి లాభము?

కావున స్వాధ్యాయమునకు ధ్యానము తోడు కావలెను. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణ మనన నిదిధ్యాసనములను మూడింటిని చెప్పెను. శ్రవణము అన్నము తినుట. మననము దానిని జీర్ణించుకొనుట. నిదిధ్యాసనము అది రక్తమై దేహమంతట వ్యాపించుట. తిని జీర్ణించుకొననివానికి అన్నమే రోగమగును. గ్రంథములు పెక్కు చదివి వాదమునకు మాత్రమే వానిని వాడువాని స్థితి యిట్టిదే.

ఆచరణకు మార్గము కఠినమైనది కాదు. వేళ యొక్కటి, చో టొక్కటి నిర్ణయించుకొనవలెను. చదువవలసిన భాగము చిన్నదై యుండుట మేలు. దానిని నెమ్మదిగా, అర్థమును తలచుచు చదివి, అందొక్క భావమును గైకొని కన్నులు మూసి దానితో కొంతసేపు కూర్చుండవలెను. ఇష్టదేవతను హృదయమున నిలిపి, ఆ భావము తనయందు ప్రవేశించుగాక యని ప్రార్థింపవలెను. పిదప దానిని పూజగదిలోనే విడిచిరాక బస్సులోనికి, కార్యాలయములోనికి, వంటయింటిలోనికి వెంటగొనిపోవలెను. రాత్రి నిద్రకు ముందు ఒక్క ప్రశ్న: ప్రొద్దుట చదివినది పగటివేళ ఎచట నాకు అక్కరకు వచ్చెను, ఎచట దానిని నేను మరచితిని? ఈ ప్రశ్న నడుగు గృహస్థుడు పనిమనిషిపై కసరిననాడు దానిని గుర్తించును. మరునాడు ఆ శ్లోకమును చదువునపుడు వాని స్వరము మారియుండును.

ఎంత శ్రద్ధాళువునకైనను శుష్కదినములు తప్పవు. చదివినది యెక్కదు, కన్నులు మూసిన చీకటి తప్ప వేరేమియు కనరాదు. రుచి లేదుగాన మానుదమా యను సంశయము కలుగును. తోతాపురి యంతటి బ్రహ్మనిష్ఠుడు ప్రతిదినము ధ్యానమున కూర్చుండెడివాడు. ఇంకను ధ్యాన మెందులకని శ్రీరామకృష్ణులు ప్రశ్నింపగా, ఆయన మిలమిల మెఱయు తన లోటాను చూపి, దినదినము తోమకున్నచో ఇది మాసిపోదా యని బదులిచ్చెను. పాత్ర బంగారుదైనచో మాయదు గదా యని శ్రీరామకృష్ణులు నవ్విరి. బంగారు పాత్రలు లోకమున మిక్కిలి యరుదు. తనది యిత్తడి యని యెఱిగినవాడు రుచితో పనిలేక తోముచునే యుండవలెను. కొండమీది స్వామికి కాలపూజలు భక్తులు క్రిక్కిరిసిన నాడును జరుగును, ఎవ్వరును రాని నాడును జరుగును. హృదయాలయమందలి పూజకును అదియే విధి. జబ్బువలననో ప్రయాణమువలననో ఒకనాడు నియమము తప్పినచో నిరాశ పడరాదు. ఈ మార్గమున స్వల్పయత్నమును వ్యర్థము గాదనియు, మేలు చేయువానికి దుర్గతి లేదనియు గీతాచార్యుడే మాట యిచ్చియున్నాడు. మరునాటి వేకువ మరల కూర్చుండుటయే అందులకు ప్రాయశ్చిత్తము.

ఇంత శ్రమ యెందులకు? దూరముననున్న తల్లి మరణవార్త ఒక అర్ధరాత్రి వచ్చును. ఊరు గోదావరీతీరమున నున్నది. తెల్లవారినగాని ప్రయాణము సాగదు. ఆ రాత్రి గ్రంథము తెరచుటకు చేతులాడవు. క్రొత్తగా తెలిసికొనుటకు బుద్ధి నిలువదు. అపుడు వేయి యుదయములు శ్రద్ధతో చదివి, ధ్యానించి, బ్రదుకున పరీక్షించుకొన్న వాక్యము పిలువకయే వచ్చి ప్రక్కన కూర్చుండును. అది దుఃఖమును తుడిచివేయదు. దుఃఖమునందు నిలుచుటకు పాదము మోపునంత చోటిచ్చును. పెదవులతో మాత్రమే చదివినవానికి ఆ రాత్రియు పెదవులే కదలును.

దేహత్యాగసమయమున మనస్సు ఏ భావమును పొందునో, అది జీవితమంతయు భావించిన భావమే యని గీత బోధించుచున్నది. ఆ గడియకు వలయు సంపదను ఆ గడియయందే యార్జింప వీలుగాదు. దాని నార్జించు స్థలము నేటి యిల్లు. సమయము రేపటి వేకువ. మూలధనము ఒక్క శ్లోకమును, దానిని సత్యమని నమ్మిన యొక్క హృదయమును.