పెట్టే చేతి ఏమరుపాటు

ప్రేమతో పెట్టిన ఆహారమే ఒక ప్రాణి చావుకు కారణమైనప్పుడు ఆ దోషం పెట్టినవారికి అంటుతుందా అన్నది అహింసను పరమధర్మంగా ఎంచిన సంప్రదాయాలు తప్పించుకోలేని ప్రశ్న. పెల్లెట్లు అని పిలిచే గుళికల దాణాను ఆత్రంగా మింగబోయి, అది గొంతుకు అడ్డుపడి, పెంపుడు కుందేలు ఊపిరాడక చనిపోయే సందర్భాలు ఈ ప్రశ్నకు గట్టి పరీక్ష; చంపాలన్న తలంపు ఏ కోశానా లేక, ఆకలి తీర్చాలన్న సదుద్దేశమే కనబడుతున్న చోట హింస అన్న మాట చెల్లుతుందో లేదో అక్కడే తేలాలి.

దీనికి అత్యంత నిశితమైన సమాధానం జైన తత్త్వంలో దొరుకుతుంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడవ అధ్యాయంలో హింసను నిర్వచిస్తూ, ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో కూడిన మనోవాక్కాయ వ్యాపారాల వల్ల ప్రాణహాని కలగడమే హింస అన్నాడు. అనంతపురం జిల్లాలోని కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ భావానికి మరింత పదును పెట్టి, జీవి చచ్చినా బ్రతికినా జాగ్రత్త లేనివాడికి హింసాదోషం తప్పదనీ, నడకలోనూ మాటలోనూ ఆహారంలోనూ వస్తువులను ఎత్తి దించడంలోనూ పాటించవలసిన జాగరూకతను, అంటే సమితులను, నిష్ఠగా ఆచరించేవాడికి ప్రాణి మరణించినంత మాత్రాన కర్మబంధం కలగదనీ తేల్చాడు. ఈ సిద్ధాంతంలో ఊరటనిచ్చే సగం ఎంత నిజమో కలవరపెట్టే సగమూ అంతే నిజం: ఆకలిగొన్న కుందేలు ముందు గిన్నెడు గుళికలు పోసి అటు చూడకుండా వెళ్లిపోయిన యజమానికి, ఆ పూట దానికేమీ కాకపోయినా, దోషం ఉన్నట్టే లెక్క.

సమితులు మునుల కోసం చెప్పినవనీ, సంసారికి అంత కఠినమైన నియమం వర్తించదనీ ఆక్షేపించవచ్చు. అయితే గృహస్థు పాటించే అహింసాణువ్రతానికి కూడా తత్త్వార్థసూత్రమే ఐదు అతిచారాలను, అంటే వ్రతాన్ని పూర్తిగా భంగపరచకపోయినా మలినపరిచే తప్పులను పేర్కొన్నది. కట్టివేయడం, కొట్టడం, అవయవాలను కోయడం, మోయలేని బరువు మోపడం, అన్నపానాలను అడ్డుకోవడం అనే ఆ ఐదూ మనిషి చేతికింద బ్రతికే పశువులకు ప్రధానంగా వర్తిస్తాయి. తిండి పెట్టకపోవడం తప్పయినప్పుడు, తినే ప్రాణి శరీరానికి పొసగని తీరులో పెట్టడం కూడా ఆ తప్పుకు దగ్గరి చుట్టమేనని భావించడం న్యాయం.

ఆ శరీరం ఎటువంటిదో తెలియకుండా జాగ్రత్తకు అర్థం లేదు. ఐబీరియా ద్వీపకల్పపు అడవి కుందేలు నుంచి వచ్చిన ఈ జాతి రోజులో చాలా భాగం గడ్డిని కొరుకుతూ, నములుతూ గడపడానికి తగినట్టు రూపొందింది; దాని 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలినప్పుడే అవి అరుగుతాయి. శ్వాసనాళానికి మూతలా ఉండే ఉపజిహ్విక అంగిలి వెనుకనున్న మెత్తని భాగానికి పైన నిలిచి ఉండటంతో కుందేలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోటితో తీయడం దానికి బహు కష్టం. పైగా మింగినదాన్ని వాంతి చేసుకునే శక్తి దానికి లేదు. ఎండుగడ్డినీ ధాన్యపు పొడినీ అదిమి చేసిన గుళిక పొడిగా, గట్టిగా, నాలుగు నమలులకే గొంతు దిగేలా ఉంటుంది కనుక, ఆత్రపడే ప్రాణికి అది సరిగా నమలకముందే లోపలికి జారిపోతుంది.

వైదిక సంప్రదాయంలోని పంచమహాయజ్ఞాలలో ఒకటైన భూతయజ్ఞంలో గృహస్థు కాకులకూ కుక్కలకూ పురుగులకూ ఆహారం ఉంచుతాడు. ఆ ప్రాణులు తమంత తాము వచ్చి, వాసన చూసి, తగినంత తిని పోతాయి కనుక ఉంచడంతోనే అతని కర్తవ్యం తీరుతుంది. బోనులోని కుందేలుకు ఆ ఎంపిక లేదు; ఏమి తినాలి, ఎంత తినాలి, ఎంత ఆకలి మీద తినాలి అన్నవన్నీ దానికి బదులుగా మనిషే నిర్ణయిస్తున్నాడు. తీసుకున్న ఆ స్వేచ్ఛకు బదులుగా చెల్లించవలసిన ఋణమే ఇక్కడి దాణా, దానిని పుణ్యకార్యంగా లెక్క వేసుకోవడం తగదు.

కనుక జాగ్రత్త అన్నది చిన్న చిన్న పనులలోనే కనబడాలి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచి, గుళికలకు ముందే ఆకలి కొంత తీరేలా చూడటం. కిలో బరువుకు రోజుకు 25 గ్రాములకు మించకుండా, అదీ రెండు మూడు విడతలుగా ఇవ్వడం. గిన్నెలో కుప్పగా పోయకుండా గడ్డిలో చెదరగొట్టి, ఒక్కొక్కటీ వెతికి తినేలా చేయడం. రెండు కుందేళ్లు పోటీపడుతుంటే వేరువేరుగా మేపడం. పళ్లు సరిగా లేని ముసలి కుందేలుకు నీటితో మెత్తబరచి ఇచ్చి, మిగిలినది పులియకముందే తీసివేయడం. తినే వేళ ఎత్తుకోకుండా, బెదరగొట్టకుండా దగ్గరలో ఉండటం. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు, కాస్త నిదానమే అన్నింటికీ కావలసినది.

ఇంత సూక్ష్మత అతిశయమని తోచేవారికి బౌద్ధుల శశజాతకం చూపదగినది. అతిథికి తన శరీరాన్నే ఆహారంగా ఇవ్వడానికి సిద్ధపడిన, ఆ జన్మలో కుందేలైన బోధిసత్త్వుడు నిప్పులో దూకేముందు బొచ్చులోని పురుగులు కాలిపోకూడదని మూడుసార్లు ఒళ్లు విదిలించుకున్నాడని కథ. దానం ఎంత గొప్పదైనా దాని కింద మరో ప్రాణి నలగరాదన్న ఎరుకను ఆ విదిలింపు చూపుతుంది. ఆత్మార్పణ కంటే అదే ఆ కథలో ఎక్కువ ఆలోచించదగినది.

ఇన్ని చేసినా ఆపద రావచ్చు. తల పైకెత్తి మెడ సాచడం, చొంగ కార్చడం, ముక్కునుంచి స్రావం రావడం, చిగుళ్లు నీలబడటం కనబడితే నోట్లో నీళ్లు పోయకుండా, వేళ్లు లోతుగా పెట్టకుండా, క్షణం ఆలస్యం చేయక పశువైద్యునికి చూపాలి. అప్పటికీ ప్రాణం నిలవకపోతే, తెలుసుకోగలిగినదంతా తెలుసుకొని మెలకువతో పెంచినవారు తమను తాము హంతకులుగా తలచుకొని కుమిలిపోవలసిన పని లేదని కుందకుందుని మాటలోని రెండవ సగం స్పష్టంగా చెబుతున్నది. దుఃఖం మాత్రం వారికి ఉంటుంది, ఉండవలసినదే కూడా.